గుమ్మడిమడిలో పెళ్లిళ్ల పేరమ్మ

చరిత్రలో పేరున్న వంశాలన్నిటికీ ఒక మూలపురుషుడు ఉంటాడు. ఈ కుటుంబానికి అలాంటివాడెవడూ లేడు. ఉన్నది ఒక మూలగుమ్మడికాయ.

దాన్ని ఎవరు తెచ్చారని అడిగితే మా అమ్మ తెచ్చిందంటుంది పెద్దావిడ. ఆ అమ్మ బతికున్న రోజుల్లో, తెచ్చింది నేను కాదు మా అమ్మ అనేదట. ఇలా ఒకరి మీద ఒకరు పెట్టుకుంటూ వెనక్కి పోతే, చివరికి ఆ గుమ్మడికాయే ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చి, మంచి నేల చూసుకుని, ఈ ఆడవాళ్లను నాటుకుందేమోనన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానమే నిజమని తేలినా వాళ్లు పెద్దగా నొచ్చుకోరు.

కాయ మాత్రం ఆషామాషీది కాదు. పీటలా చదునుగా కూర్చుంటుంది. ఒంటినిండా లోతైన గాడులు. పైన బూడిద పట్టిన ఆకుపచ్చ, కోస్తే లోపల గుడ్డుసొన రంగు. అటక మీద పెట్టి మరిచిపోతే మళ్లీ కాపు వచ్చేదాకా అక్కడే ఉంటుంది. కుళ్లదు, మెత్తబడదు, తనను పట్టించుకోలేదని అలగదు. "ఇంట్లో మగవాళ్లకు ఆ బుద్ధుంటే ఎంత బాగుండు" అని పెద్దావిడ అప్పుడప్పుడూ అల్లుడికి వినపడేలా అంటుంటుంది. అల్లుడు దర్జీ. పనిలో ఉన్నంతసేపూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంటాడు కనుక జవాబు చెప్పడు. ఆ కాపురం ఇన్నేళ్లు సాఫీగా సాగడంలో గుండుసూదుల పాత్ర ఇంతా అంతా కాదు.

చుట్టుపక్కల ఎవరికి ఈ కాయ విత్తనం కావాలన్నా ఈ ఇంటి వెనక మడి దగ్గరికే రావాలి. విత్తనాన్ని కాపాడటం కాయను కాపాడటం లాంటిది కాదు. కాయకు కంచె చాలు. విత్తనానికి కంచె ఏమూలకూ చాలదు. గుమ్మడిజాతికి ఉన్న బలహీనత ఏమిటంటే, ఎవరి పుప్పొడి తెచ్చి వేసినా కాదనదు. తేనెటీగ ఎక్కడో ఇంకో జాతి గుమ్మడిలో తిరిగి, ఒళ్లంతా పుప్పొడి పూసుకుని వచ్చి ఇక్కడి పువ్వులో వాలిందనుకోండి. ఆ ఏడు కాయ చూడటానికి అచ్చం తల్లిలాగే ఉంటుంది. లోపలి గింజలు నోరు మూసుకుని కూర్చుంటాయి. మరుసటి ఏడు మొలిచి కాసినప్పుడు మాత్రం ఎవరెవరి పోలికలో నలుగురిలో బయటపెడతాయి.

అందుకని ఈ ఇంటి ఆడవాళ్లు గుమ్మడిపువ్వులకు దగ్గరుండి సంబంధాలు కుదురుస్తారు. రేపు విచ్చుకోబోయే మొగ్గ ఈ సాయంత్రం చివర కొద్దిగా పసుపు తిరుగుతుంది. ఆ జాడ పట్టుకుని, కింద బుల్లి పిందె ఉన్న ఆడమొగ్గనూ, పొడుగు కాడ మీద నిక్కి చూస్తున్న మగమొగ్గనూ ఎంచి, రెండింటి మూతులూ దారంతో కట్టేస్తారు. తెల్లారగానే, లోపలికి దారి దొరకని తేనెటీగలు చుట్టూ గొణుక్కుంటూ తిరుగుతుండగా, మగపువ్వు కట్టు విప్పి, రేకలు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడిమి గుబ్బకు మెత్తగా అద్దుతారు. వెంటనే ఆడపువ్వు మూతి మళ్లీ కట్టేస్తారు. గుర్తుకు కాడకు ఒక గుడ్డపీలిక. అంతటితో పెళ్లి అయినట్టు.

ఈ వ్యవహారంలో ఒక నియమం ఉంది. కట్టిన చెయ్యే విప్పాలి. ఒకరు కట్టిన మొగ్గ మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఏ మగపువ్వును ఏ ఆడపువ్వు కోసం అనుకుని కట్టిందో కట్టినావిడకే తెలుస్తుంది కనుక ఇందులో కొంత శాస్త్రం ఉంది. తన పనిలో వేలు పెడితే ఊరుకోని స్వభావం ఈ ఇంట్లో తల్లినుంచి కూతురికి వస్తోంది. మిగతా భాగం అది.

మన కథ ఈ వరసలో మధ్యనున్న ఆవిడది. పెద్దావిడకు కూతురు, దర్జీకి భార్య. పాలపళ్లు ఊడే వయసులోనే మొగ్గ కట్టడం నేర్చింది. తోటి పిల్లలు బొమ్మలకు పెళ్లి చేసి ఆడుకుంటుంటే తను నిజం పెళ్లిళ్లు చేసి వచ్చి, చేతులు కడుక్కుని, బడికి ఆలస్యంగా వెళ్లేది. పెద్దయ్యాక చెయ్యి ఎంత తిరిగిందంటే, పక్కవాళ్లతో కబుర్లాడుతూ, చూపు వాళ్ల మీదే ఉంచి, మొగ్గ మీద గీత పడకుండా ముడి వేసేది. ఆవిడకు దర్జీ సంబంధం కుదిరినప్పుడు, "దారానికి దారం, అల్లుడికి అల్లుడు" అని పెద్దావిడ ఒకే ముక్కలో తేల్చేసింది. ఆ రెండింటిలో ముందు చెప్పినదేదో దర్జీ గమనించకపోలేదు.

పూతకాలంలో ఆవిడ సూర్యుడి కంటే ముందు మడిలో ఉండాలి. ఒకసారి దూరపు చుట్టాలింటికి వెళ్లి సాయంత్రం బస్సులో తిరిగొస్తూ, బస్సు ప్రతిచోటా ఆగుతుంటే తట్టుకోలేక, "కాస్త త్వరగా పోనివ్వమనండి అన్నయ్యగారూ, పొద్దున్నే నాకు పెళ్లిళ్లున్నాయి!" అని కండక్టరును బతిమాలింది. "ఎవరివమ్మా?" అన్నాడాయన. "గుమ్మడిపువ్వులవి." బస్సంతా నవ్వింది. ఆ రోజునుంచి ఆవిడ పెళ్లిళ్ల పేరమ్మ. తర్వాత పొడుగు తగ్గి వట్టి పేరమ్మ మిగిలింది. అసలు పేరు ఎక్కడో కాగితాల్లో క్షేమంగానే ఉండాలి.

పేరమ్మకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల వేళ్లు చూసి మొదటి రోజే పెద్దావిడ పెదవి విరిచింది. దొండకాయల్లా ఉంటాయనుకుంటే ముల్లంగుల్లా ఉన్నాయంది. పిల్ల పెరిగింది, ముల్లంగులూ పెరిగాయి. ఏ మొగ్గ పట్టుకున్నా రేకలు చిరిగేవి. "దీని చేతులకు ట్రాక్టరే గతి" అని అమ్మమ్మ విసుక్కుంటే, ఆ పిల్ల అది తిట్టని ఎరగక సలహా అనుకుంది. పెద్దయి నిజంగానే ట్రాక్టరు నేర్చింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరి పొలం దున్నాలన్నా ట్రాక్టరు పిల్లకే కబురు. ఆమె దున్నిన చాళ్లు చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. ఇంజను ఆగిపోతే ఆమే దిగి, ఆమే విప్పి, ఆమే బిగిస్తుంది.

పేరమ్మకు కూతుర్ని చూస్తే ఛాతీ ఉప్పొంగేది. కానీ విత్తనం కోసం వచ్చిన ఆడవాళ్లలో ఎవరో ఒకరు, "మీ తర్వాత మడి ఎవరు చూస్తారు పేరమ్మా?" అనక మానరు. పెద్దావిడ వెంటనే, "ఎవరూ చూడరు. ట్రాక్టరు తొక్కుతుంది" అనేది. అందరూ నవ్వేవాళ్లు. పేరమ్మ కూడా నవ్వేది కానీ, ఆ నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోయేది.

అలాంటి పరిస్థితుల్లో ఒక ఏడు, పూత మొదలవబోతుండగా పేరమ్మ కుడిచెయ్యి విరిగింది.

అటక మీదినుంచి గుమ్మడికాయ దించుతూ నిచ్చెన మీదనుంచి జారింది. జారేటప్పుడు మామూలు మనిషి చేతిలోది వదిలేసి నిచ్చెన పట్టుకుంటుంది. పేరమ్మ నిచ్చెన వదిలేసి కాయను పట్టుకుంది. చప్పుడుకు పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది.

"కాయకేమైనా అయిందా?"

"కాయ బాగానే ఉందమ్మా. నా చెయ్యే విరిగినట్టుంది."

"చెయ్యి అతుక్కుంటుంది. కాయ పగిలితే అతుక్కుంటుందా?" అంటూనే పెద్దావిడ కూతుర్ని లేపి కూర్చోబెట్టి, తన పైగుడ్డ చింపి చేతికి కట్టింది. అప్పుడు ఆవిడ చేతులు వణకడం పేరమ్మ చూసింది. కంగారువల్ల అనుకుంది. ఆసుపత్రినుంచి పిండికట్టుతో తిరిగొచ్చాక, టీ గ్లాసు అందుకునేటప్పుడు కూడా ఆ చేతులు అలాగే వణికాయి. కంగారు కాదని అప్పుడు అర్థమైంది. పెద్దావిడ ఈ సంగతి ఎన్నాళ్లనుంచి దాస్తోందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కష్టాలు కట్టకట్టుకుని వస్తాయంటారు. ఈసారి ఒకటి కంచె దాటి వచ్చింది. పేరమ్మకు ఆ పేరు రావడానికి కారణమైన బస్సు కండక్టరు ఉద్యోగ విరమణ చేసి పక్క పొలం కొనుక్కున్నాడు. ఒక ఉదయం కంచె మీదుగా తల పెట్టి ఉత్సాహంగా పిలిచాడు.

"చెల్లెమ్మా! ఈసారి నేను కూడా గుమ్మడి వేశాను. ప్యాకెట్టు మీద బొమ్మ చూస్తే కళ్లు తిప్పుకోలేకపోయాననుకో. సొరకాయంత పొడుగు!"

పేరమ్మ గబగబా కంచె దాకా వెళ్లింది. "అన్నయ్యగారూ, తేనెటీగలు మీ వైపునుంచి మా వైపుకు వస్తాయేమో..."

"రానీ అమ్మా. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎవరినీ వద్దనలేదు."

ఆయన మంచివాడు. ఆయన పొలం, ఆయన విత్తనం, ఆయన ఇష్టం. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలో తేనెటీగలకు చెప్పే కండక్టరు లేడన్నదే చిక్కు. ఇన్నాళ్లూ చుట్టుపక్కలంతా ఈ ఇంటి గుమ్మడే ఉండేది కనుక, ఒకటీ అరా ముడి జారినా పెద్ద ముప్పు లేదు. ఈ ఏడు ఒక్క పువ్వు తెరుచుకున్నా ముత్తమ్మమ్మల నాటి విత్తనం కలగాపులగమవుతుంది.

మడిలో ముగ్గురు ఆడవాళ్లు నిలబడి బలాబలాలు లెక్క చూసుకున్నారు. ఉన్న చేతుల్లో పెద్దావిడవి వణుకుతాయి. పేరమ్మ కుడిచెయ్యి పిండికట్టులో ఉంది, ఎడమచేతికి ముద్ద కలపడం కూడా రాదు. మిగిలినవి ముల్లంగులు.

"నేనున్నానుగా" అంది పెద్దావిడ.

"నేను కూడా కడతా" అంది ట్రాక్టరు పిల్ల.

దారం చుట్టిందో లేదో మొదటి మొగ్గ చిరిగింది. రెండోదాని మెడ విరిగింది.

"పువ్వును పట్టుకోమన్నానే, నట్టు బిగించమనలేదు!"

"నట్టయితే ఈపాటికి బిగిసేది అమ్మమ్మా. పువ్వుకు మర ఎక్కడుందో చెప్పు."

"మర నీ నోటికుంది, అది బిగించుకో ముందు."

పెద్దావిడ తనే కూర్చుంది. ఒక్క ముడి పడేసరికి మేతకెళ్లిన పక్కింటివాళ్ల గేదె ఇంటికి చేరింది. ముడి పడినట్టే ఉంది. అది నిలుస్తుందా లేదా అని వంగి చూడటానికి మాత్రం ఎవరూ సాహసించలేదు. ఒకరి ముడిని ఇంకొకరు పరీక్షగా చూడటం ఈ ఇంట్లో చెంపదెబ్బ కిందే లెక్క.

ట్రాక్టరు పిల్ల ఇంటి వైపు నడిచింది. దండెం మీద తండ్రి ఉతికి ఆరేసిన గిరాకీవాళ్ల చొక్కాలున్నాయి. ఒక క్లిప్పు లాగింది. చొక్కా ఒకటి నేల మీద పడింది. క్లిప్పును ముందు తన చెవితమ్మెకు పెట్టుకుంది. "అబ్బా" అంది. పనిముట్ల డబ్బా తెరిచి, పటకారుతో దాని స్ప్రింగు కాస్త సాగదీసి, మళ్లీ పెట్టుకుంది. ఈసారి ఏమీ అనలేదు. మడిలోకి తిరిగొచ్చి, రేపటి మొగ్గ ఒకటి చూసుకుని, దాని మూతికి క్లిప్పు పెట్టింది. టక్కుమంది. రేకు చిరగలేదు. ఊపినా ఊడలేదు.

పెద్దావిడ అది చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "తడిబట్టలకు పెట్టేది పువ్వుకు పెడతారటే! పెళ్లికూతురి మూతికి బట్టల క్లిప్పా?"

"నోరు తెరవకుండా ఉంటుంది కదా అమ్మమ్మా."

కింద పడ్డ చొక్కా దులుపుకుంటున్న దర్జీ వైపునుంచి దగ్గులాంటి శబ్దమొకటి వచ్చింది. పెద్దావిడ అటు ఒక చూపు చూసింది. దగ్గు తగ్గిపోయింది.

"మా అమ్మ దారంతో కట్టింది. నేను దారంతో కట్టాను. ఇది దారంతో కట్టింది" అని పేరమ్మను చూపించింది పెద్దావిడ. "దారం పట్టడం రాని చెయ్యి ఈ మడిలో ఎందుకంట?"

ఇద్దరూ పేరమ్మ వైపు చూశారు. పేరమ్మ జీవితంలో తల్లి మాట కాదనలేదు. కాదనాల్సిన అవసరం రాకుండా జాగ్రత్తపడటంలోనే సగం జీవితం గడిచింది. ఇప్పుడు మధ్యలో నిలబడి, కట్టులో ఉన్న చేతిని ఎడమచేత్తో పట్టుకుని, నేల చూస్తూ అంది.

"పెట్టనీ అమ్మా."

పెద్దావిడ దారపుకండె తీసుకుని అరుగెక్కింది. తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి పూత జోరుగా వచ్చిన సాయంత్రం ట్రాక్టరు పిల్ల దండేలన్నీ ఖాళీ చేసి, స్ప్రింగులన్నీ సాగదీసి, మడిలో దిగింది. పేరమ్మ ఎడమచేత్తో చూపించడం, పిల్ల టక్కున పెట్టడం. ఇది రేపు విచ్చుకుంటుంది, అది వదిలెయ్, దీనికి ఆ చివరి తీగ మీదివాణ్ణి చూడు. ఎరుపూ నీలం పసుపూ క్లిప్పులతో మడి చూడముచ్చటగా తయారైంది. పెద్దావిడ అరుగు మీద కూర్చుని అటు వీపు పెట్టింది.

పొద్దు వాలుతుండగా పేరమ్మ వంటింట్లో ఒంటిచేత్తో గిన్నెలు తోముకుంటూ కిటికీలోంచి చూసింది. తల్లి ఒక చేత్తో బుట్ట, ఇంకో చేత్తో దారపుకండె పట్టుకుని మడిలోకి నడుస్తోంది. పేరమ్మ నోరు తెరిచింది. 'అమ్మా, ఎక్కడికి?' అని పిలిస్తే చాలు. కానీ పిలవడమంటే అడగడం, అడగడమంటే శంకించడం. ఆ మడిలో ఆవిడ ఎన్ని పువ్వులు కట్టింది! చూసుకుని వస్తుందిలే అని తనకు తాను చెప్పుకుని, గిన్నె మీదికి చూపు తిప్పుకుంది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

తెల్లవారి కూతురి కేకకు పేరమ్మ చెప్పులు లేకుండానే పరుగెత్తింది.

మడి గట్టు మీద బుట్టలో క్లిప్పులన్నీ పొందిగ్గా సర్ది ఉన్నాయి. పువ్వులన్నిటికీ దారం కట్టి ఉంది. కట్టి ఉందనడం మర్యాదకు, నిజానికి అది కాడలకు వేలాడుతోంది. వణికే చేతులు వేసిన ముడులు మంచుకు వదులై జారిపోయాయి. పువ్వులన్నీ పళ్లేల్లా విచ్చుకుని ఉన్నాయి. ప్రతి పళ్లెంలోనూ తేనెటీగలు పంక్తి భోజనానికి కూర్చున్నాయి. కంచె అవతల కండక్టరు పొలంలోనూ పువ్వులు అంతే ధారాళంగా విచ్చుకున్నాయి. రెండిళ్ల మధ్య రాకపోకలు బ్రహ్మాండంగా సాగుతున్నాయి.

టీ తాగే వేళ ఇంట్లో ఎవరి గ్లాసు వాళ్లు చూసుకుంటున్నారు. చివరికి ట్రాక్టరు పిల్ల ఎవరినీ ఉద్దేశించకుండా పైకప్పుకు విన్నవించింది.

"నేను పెట్టిన క్లిప్పులు ఎవరో తీసేశారు."

పెద్దావిడ చెయ్యి భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమనే సామెత ఇంకే ఇంట్లోనైనా సాక్ష్యంగా పనికొస్తుంది. ఈ ఇంట్లో తరాలుగా కాయలు భుజాన మోస్తున్న ఆడవాళ్లు కూర్చున్నప్పుడూ లేచినప్పుడూ ఊరికే భుజాలు తడుముకుంటూనే ఉంటారు. ఆ క్షణంలో పేరమ్మ కూడా తడుముకుంది. కనుక న్యాయశాస్త్రరీత్యా నేరం రుజువు కాలేదు. దర్జీ పని ఇంకా మొదలుపెట్టకపోయినా, లేచి వెళ్లి గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాడు.

నేరం సంగతి ఎలా ఉన్నా, పిందెలు ఆగవు. తండ్రెవరో తెలియని ఆ పిందెలు నాలుగు రోజుల్లో నిమ్మకాయలంత అయ్యాయి. వాటిని ఉంచితే బ్రహ్మాండమైన కాయలవుతాయి, బజారులో చెల్లుతాయి, కూరకు భేషుగ్గా ఉంటాయి. కానీ తీగ తన బలమంతా వాటికే పోస్తుంది, ఇక ఆడపువ్వులు వేయదు. విత్తనం లేనట్టే. పోయిన ఏటి గింజలు అడిగినవాళ్లందరికీ పంచేశారు, అటక మీద మిగిలిన పాత గింజలు మొలకెత్తే వయసు దాటిపోతున్నాయి. వాటిని తెంపేస్తే తీగ మళ్లీ పూస్తుంది. పూసినా, వానలకు ముందే కాయ ముదురుతుందని పూచీ లేదు. రెండిటికీ చెడే అవకాశం పుష్కలంగా ఉంది.

తెంపాలని పేరమ్మకు తెలుసు. తెంపుదామని తల్లితో అనడమంటే, నీ చెయ్యి చెడగొట్టింది అని అనడమే. పేరమ్మ అరుగు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లింది.

"అమ్మా, ఆ పిందెలు..."

"తెలుసు" అంది పెద్దావిడ.

లేచి, వంటింట్లోంచి చిన్నకత్తి తెచ్చుకుని, మడి వైపు నడిచింది. ట్రాక్టరు పిల్ల అప్పుడే బండి కడిగి, చేతులు తుడుచుకుంటూ వస్తోంది. పెద్దావిడ ఆ పిల్ల ముందు ఆగింది. కంచె దగ్గర కండక్టరు పళ్లు తోముకుంటున్నాడు. ఆయనున్నాడని ఆవిడ గొంతు తగ్గించలేదు.

"ఏమే పిల్లా, ఆ క్లిప్పులు తీసింది నేనే."

"తెలుసు అమ్మమ్మా."

"తెలిస్తే తెలిసింది, నేను చెబుతున్నా విను. కట్టిన చెయ్యే విప్పాలన్నది మా అమ్మ మాట. క్లిప్పు పెట్టడం కట్టడం కిందికి రాదనుకున్నాను. వచ్చింది. నా ముడి నిలవలేదు, నీది నిలిచేది. అంతే. ఇందులో ఏడవడానికేం లేదు."

ఏడుస్తున్నది పేరమ్మ. ఎడమచేత్తో ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రావడం లేదు.

పెద్దావిడ మడిలో దిగి, అన్నిటికంటే బలమైన తీగ దగ్గర కూర్చుని, అన్నిటికంటే అందమైన పిందె కాడకు కత్తి ఆనించింది. చెయ్యి వణికింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆపుకుంది. కోసింది. పక్కదానికి జరిగింది. "నేను కోస్తా అమ్మమ్మా" అని పిల్ల ముందుకొస్తే, "నేను చేసిన పెళ్లిళ్లు, నేనే చూసుకుంటా" అని కసిరింది. మడి చివరికి చేరేసరికి బుట్ట నిండింది. ఆ బుట్టను కంచె మీదుగా కండక్టరుకు అందించింది. "లేత పిందెలు, వండుకో నాయనా. సగం మీవాళ్లే."

ఆయన నోట్లో బ్రష్షుతో ఎటూ తోచక నమస్కారం పెట్టాడు.

తీగ మనసు మార్చుకోవడానికి కొంత టైము తీసుకుంది. ఈలోపు ముగ్గురూ పనులు పంచుకున్నారు. ఎవరూ పంచలేదు, అవే పడ్డాయి. పెద్దావిడ చేతులకు ముడి రాకపోయినా మొగ్గ చెప్పే మాట వినబడుతుంది. చూపు మందగించినా మొగ్గను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, "ఇది రేపు కాదు, ఎల్లుండి" అంటే ఎల్లుండే విచ్చుకుంటుంది. ఏ ఆడదానికి ఏ మగవాడో నిర్ణయించేది పేరమ్మ. టక్కుమనిపించేది ట్రాక్టరు పిల్ల. తెల్లవారి పుప్పొడి అద్దే పని కూడా పిల్లకే పడింది. ఇంజనులోంచి సన్నటి జల్లెడ బయటికి తీసేటప్పుడు ఊపిరి ఎలా బిగబట్టాలో, ఇదీ అలాగే అని ఆమెకు తోచాక ఆ లావువేళ్లు బుద్ధిగా వినడం మొదలుపెట్టాయి. ఇన్నేళ్లు మడిని ఏలిన పేరమ్మ ఇప్పుడు ఎడమచేతికి క్లిప్పుల బుట్ట తగిలించుకుని కూతురి వెనకాల నడుస్తోంది. హోదా తగ్గిందని ఎవరైనా జాలిపడితే ఆవిడకు అర్థమయ్యేది కాదు. వెనకాల నడిస్తే కూతురి చేతులు బాగా కనిపిస్తాయి.

కండక్టరు ఒకసారి కంచె దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏంటి పెద్దమ్మగారూ, పువ్వులకు బట్టలారేశారా?"

"టికెట్టు లేనివాళ్లు ఎక్కకుండా తలుపులేశాం నాయనా."

ఇంట్లో మాత్రం దర్జీ చొక్కాల మీద రాళ్లు పెట్టి ఆరేసుకున్నాడు. ఒక గిరాకీ చొక్కా గాలికి ఎగిరి కండక్టరు గుమ్మడిపందిరి మీద వాలింది. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి తెచ్చిస్తూ, తన పొడుగుకాయ ఒకటి కూడా ఇచ్చిపోయాడు. వండుకున్నారు. ఫరవాలేదు, బాగానే ఉంది. ఆ సంగతి గడప దాటకూడదని ముగ్గురు ఆడవాళ్లూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

కాయలు తక్కువే వచ్చాయి. వాన మబ్బులు పట్టినప్పుడల్లా పేరమ్మ ఆకాశాన్ని, కాయ తోలును మార్చిమార్చి చూసింది. గోరు దిగనంత గట్టిపడ్డాక కోసి లోపల పెట్టుకున్నారు. ఆ రాత్రే వాన దంచింది.

కాయ ముదిరినంత మాత్రాన అయిపోలేదు. లోపలి గింజ నిజం చెప్పేది మరుసటి ఏడే. అందుకని ఆ ఏడు ఎవరికీ విత్తనం లేదు. వచ్చినవాళ్లందరికీ పెద్దావిడే అరుగు మీద కూర్చుని కారణం చెప్పింది. చుట్టూ తిప్పలేదు, వాతావరణం మీద నెట్టలేదు. "నా చెయ్యి తప్పింది. ముందు మా మడిలో వేసి చూసుకోవాలి. వచ్చే ఏడు రండి."

"ఉన్నవే కాసిని ఇవ్వు పిన్నీ, ఎవరికి తెలుస్తుంది?" అని బతిమాలింది ఒకావిడ.

"ఇప్పుడు ఎవరికీ తెలియదు. కాశాక ఊరందరికీ తెలుస్తుంది. లే, టీ తాగి వెళ్లు."

ఆ మాటలు లోపలినుంచి విన్న పేరమ్మకు, తన తల్లి తప్పు ఒప్పుకుంటోందా, ఒక పదవి స్వీకరిస్తోందా అన్నది గొంతునుబట్టి తేల్చుకోవడం కష్టమైంది. ఇంత దర్జాగా తలవంచడం అందరికీ చేతకాదు.

మళ్లీ వేసవి తిరిగింది. పేరమ్మ చెయ్యి అతుక్కుంది, కాస్త వంకరగా. మడి దున్నింది కూతురు, గింజలు నాటింది ముగ్గురూ, పూతకు మళ్లీ క్లిప్పులే. ఆ ఏడు పిందె పడ్డ దగ్గరనుంచి పేరమ్మకు అన్నం సయించలేదు. ఏ పిందె కాస్త పొడుగ్గా కనిపించినా ప్రాణం లేచిపోయేది. రెండు రోజులాగి చూస్తే అది చదునుగా సర్దుకుని కూర్చునేది. గాడులు తేలాయి. బూడిదరంగు పట్టింది. అయినా కోసి చూసేదాకా నమ్మకం లేదు.

కాయ కోసే రోజున, కబురు చేయకపోయినా ఆడవాళ్లు పదిమంది చేరారు. కండక్టరు కంచె దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. మడి నాలుగు మూలలనుంచీ తలా ఒక కాయ తెచ్చి అరుగు మీద పెట్టింది ట్రాక్టరు పిల్ల. పెద్దావిడ కత్తి కూతురికి ఇచ్చింది. పేరమ్మ కత్తి దింపింది. తోలు చిట్లింది. రెండు చెక్కలూ విడివడ్డాయి. రెండో కాయ. మూడోది. నాలుగోది. అరుగు మీద ఎనిమిది చెక్కలు, అన్నీ గుడ్డుసొన రంగులో, తడిగా మెరుస్తూ ఉన్నాయి. పెద్దావిడ వంగి, ఒక్కొక్క చెక్కలోనూ వేలు పెట్టి కండను నొక్కి చూసింది. గింజ ఒకటి తీసి పంటికింద కొరికింది.

"మనదే" అంది.

పేరమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుంది.

"అబ్బ, ఏం రంగు పిన్నీ! ఎవరి చెయ్యి?" అంది పోయిన ఏడు బతిమాలినావిడ.

పెద్దావిడ నిటారుగా కూర్చుంది. "మా మనవరాలిది. ఇకనుంచి విత్తనం సంగతి దాన్నే అడగండి. నన్ను అడిగి లాభం లేదు." తర్వాత అటు తిరిగి, "ఏమే, దిక్కులు చూస్తావేం? వచ్చినవాళ్లతో మాట్లాడు!"

ఎంత పెద్ద ట్రాక్టరునైనా గట్టు ఎక్కించి దించే పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. ఆడవాళ్లందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఒకసారి గొంతు సవరించుకుంది. గడ్డం కాస్త పైకెత్తింది.

"తలా గుప్పెడు ఇస్తాను. ఎండబెట్టాక వచ్చి తీసుకెళ్లండి. ముంపు నేలలో వెయ్యకండి. వేసి, కుళ్లబెట్టి, మొలవలేదని నా దగ్గరికొచ్చి ఏడవకండి. పూతప్పుడు మూతి కట్టడం రాకపోతే వచ్చి నేర్చుకోండి. సిగ్గుపడేవాళ్లు రాకండి."

ఆ గడ్డం, ఆ విరుపు, మాట చివర ఆ కసురు! పేరమ్మ చప్పున తల్లి మొహంలోకి చూసింది, ఇది తనకొక్కదానికే వినబడిందా అని. పెద్దావిడ అప్పటికే మండిపడుతోంది.

"ఓసి నీ దుంపతెగ! ఇంటికొచ్చినవాళ్లను అలా కసురుకుంటారటే? ఎవరు నేర్పారే నీకు?"

అరుగు మీదివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెట్టు మీద కూర్చున్న పేరమ్మకు నవ్వు పొంగింది. ఆపుకుందామని వంకరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది కానీ, అది ఆగే రకం నవ్వు కాదు.